పేరు లేని పొట్లం

పదకొండో భాగం

పోయిన వారం జానమ్మను దవాఖాన గడప మీద చేతిలో చీపురుతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. ఎదురుగా నల్ల గొంగడి భుజాన వేసుకున్న ఒక పెద్దమనిషి. ఆయన అరచేతిలో గులాబీ రంగు కాగితం పొట్లం. "గిది నీ చేతి పొట్లమేనా?" అని ఆయన అడిగాడు, జానమ్మ చేతిలో చీపురు జారి కింద పడింది. అక్కడ ఆపినందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారని తెలుసు. తిట్టండి, పడతాను.

ఇవాళే ఈ కథలో అడుగుపెట్టిన వాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. అరవై రెండో సంవత్సరం, మాఘమాసం. రామన్నపేట పోయే దారి పక్కన ఒక చిన్న మచ్చల దవాఖాన ఉంది. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చలు వచ్చినవాళ్ళకు అక్కడ మందిస్తారు. ఊళ్ళో దాన్ని పెద్దరోగం అంటారు, అది కూడా గొంతు తగ్గించి. పేరు బయటపడిందా, ఆ మనిషికి బావి దగ్గర చోటు ఉండదు, బంతిలో విస్తరి ఉండదు, చివరికి సొంత ఇంట్లో చాప కూడా ఉండదు. జానమ్మ తల్లి బాలనర్సమ్మకు అదే జరిగింది. అంగట్లో ఎవరో ఆమె పేరు పెట్టి అరిచారు. పొద్దుగూకేలోపు ఆమె మూట చంకన పెట్టుకొని ఊరి బయట కూర్చుంది, మళ్ళీ లోపలికి రాలేదు. "మా అవ్వను రోగం సంపలే, గా ఒర్రుడు సంపింది" అని జానమ్మ ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటుంది.

అందుకే, "ఇక్కడ విన్న పేరు ఈ గడప దాటకూడదు" అని డాక్టరమ్మ చెప్పిన మొదటి రోజే ఆ ఆయా ఉద్యోగం జానమ్మకు ప్రాణమైపోయింది. పేర్లున్న రిజిస్టరు బీరువాలో ఉంటుంది, తాళంచెవి డాక్టరమ్మ దగ్గర ఉంటుంది. మందు తినేవాళ్ళు అంగట్లో ఎదురైతే జానమ్మ ముందుగా పలకరించదు. చూపు కూడా పక్కకు తిప్పేస్తుంది. "నౌకరీ దొరికినంక జానమ్మకు కండ్లు నెత్తికెక్కినయి" అని నార్కట్‌పల్లిలో అనేవాళ్ళు అంటూనే ఉన్నారు. అనుకోనీ అని ఊరుకుంటుంది.

దవాఖాన మెట్లెక్కడానికి భయపడేవాళ్ళకు ఆమే వారానికోసారి అంగడికి పొట్లాలు తీసుకుపోతుంది, బుట్టలో చుక్కకూర కింద దాచి. ఒక్కొక్కరికి గోలీల లెక్క వేరు, కాబట్టి ఎవరిది ఏదో తెలియాలి. డాక్టరమ్మ అంకెలు వేయమంది. జానమ్మకు అంకెలు ఇరవై దాకా వచ్చు గానీ తీసుకునేవాళ్ళలో సగం మందికి అవీ రావు. ఒకరి పొట్లం ఒకరు పట్టుకుపోయారు. అప్పుడు జానమ్మ ఒక ఉపాయం పన్నింది. "నువ్వు మర్వనిది ఒకటి చెప్పు, గదే గీస్త" అని ఒక్కొక్కరినీ అడిగింది. సాలాయన మగ్గం నాడె గీయమన్నాడు. కుమ్మరామె కుండ మూతి అంది. గొర్రెల కాపరుల ఇంటి ఇల్లాలు ఒకామె రెండు గొర్రె చెవులు గీయమంది. కుడి చెవికి రెండు గాట్లు, ఎడమ చెవికి కొస కోత. పెన్సిలు ముక్కతో జానమ్మ గీసి ఇచ్చింది, చెవులు భలే కుదిరాయని మురిసిపోయింది కూడా. పేరు లేదు, ఊరు లేదు, అంకె లేదు. ఇంతకన్నా భద్రం ఏముంటుందనుకుంది పిచ్చితల్లి.

ఇప్పుడు ఆ చెవులే ఆ పెద్దమనిషి అరచేతిలో ఉన్నాయి.

జానమ్మ చీపురు ఎత్తి గోడకు ఆనించింది. ఆ రోజు బుధవారం, మందిచ్చే రోజు కాదు. డాక్టరమ్మ నల్లగొండ పోయింది. లోపల ఎవరూ లేరు.

"లోపలికి రా పెద్దయ్యా, కూసో. నీళ్ళు తాగుతవా?"

"నీళ్ళు వద్దు." ఈ దవాఖానలో నీళ్ళు ఎవరు తాగుతారని ఆయన మొహమే చెప్పింది. బల్ల అంచున, తగిలీ తగలనట్టు కూర్చున్నాడు. "నా పేరు మల్లప్ప. నీ తోని కొట్లాటకు రాలే. ఒక్క మాట అడిగి పోత. గీ చెవులు ఎవలు గీసిండ్రు?"

"నేనే గీసిన."

"నీకు గొర్లున్నయా?"

"మాకేడి గొర్లు?"

"ఉంటె గియ్యకపోదువు." మల్లప్ప పొట్లాన్ని మోకాలి మీద పెట్టి, వేలితో చెవులు చూపించాడు. "మా కురుమోళ్ళకు గొర్రె మొఖం చూసుడు అక్కెర లేదమ్మా. తప్పిపోయిన గొర్రె దొరికితే చెవి వట్టి చూస్తం. ఏ ఊరిది, ఎవలింటిది, చెవే చెప్తది. ఎండకాలం మేతకు కొత్తకోట దిక్కు తోల్కపోతే ఆడ గూడ చెవి చూసి చెప్తరు, గిది ఫలానోళ్ళ మంద అని. కుడి చెవికి రెండు గాట్లు, ఎడమ చెవి కొస కోత. గది గుర్వయ్య మంద. వాని తాత కాడికెళ్ళి గదే కోత. నువ్వు పేరు రాయలే అనుకుంటున్నవు. పేరు, ఇంటి పేరు, ఊరు, అన్ని రాసి డప్పు కొట్టినవు!"

జానమ్మకు అప్పుడు తెలిసొచ్చింది. చదువు రాని మనిషి పేరు చదవలేడు గానీ ఈ చెవులు చదువుతాడు. పది ఊళ్ళ గొర్రెల కాపరులు చదువుతారు. ఆమె దాచిందల్లా ఆమెకే దాపరికం, వాళ్ళకు కాదు. మనసులో తనను తానే చెంప మీద కొట్టుకుంది. ఎవరికీ తెలియనిది అడగాల్సింది పోయి, ఎవరూ మరిచిపోలేనిది అడిగింది!

కానీ ఒక్క సంగతి ఆమెకు అంతు పట్టలేదు. ఆ చెవులు గీయించుకున్న ఇల్లాలికి గుర్వయ్య అనే మనిషితో ఏం సంబంధం? ఆ పేరే జానమ్మ వినలేదు. మందు తీసుకునేవాళ్ళలో ఆ పేరు గలవాడు లేడు.

"గీ పొట్లం నీకేడ దొరికింది?" అంది.

"నా బండ్లనే. ఆదివారం నార్కట్‌పల్లి అంగడికి పోయినం, లగ్గం బట్టలకు. గుర్వయ్య నా బామ్మర్ది. వాని బిడ్డ బీరమ్మను మా ఐలేశంకు చేసుకుంటున్నం. పదకొండు దినాలున్నది లగ్గం. ఒక్కటే బండ్ల పోయినం, నేను, మా ఇంటిది, గుర్వయ్య, వాని పెండ్లాం, పొల్ల. ఆడోళ్ళు బట్టల దుకాణంల ఉన్నరు. ఎడ్లకు గడ్డేద్దామని చెయ్యి వెడితే గడ్డిల గిది దొరికింది. మందుల దుకాణపాయనకు చూపిస్తె గోలీ చూసుడు తోనే ఎనకకు జరిగిండు. మచ్చల మందట." మల్లప్ప గొంగడి సర్దుకున్నాడు. "నాకు నమ్మబుద్ధి గాలే. చెవి కోత నేనే తప్పు చూస్తున్ననేమో అని గొర్ల అంగట్ల ముగ్గురికి మందు సంగతి చెప్పి చూపిచ్చిన. ముగ్గురిది ఒక్కటే మాట, గుర్వయ్యదే అని. మా భద్రమ్మకు సొంత తమ్ముడు వాడు. తమ్ముని బిడ్డ అని మురుసుకుంట తెచ్చుకుంటున్నది. లగ్గం పని అని బండ్ల ఎక్కించుకొచ్చిన గాని, ఆమెకెట్ల చెప్పాలె నేను?"

భద్రమ్మ.

జానమ్మ కిటికీ వైపు చూసింది. కావాలని చూడలేదు, చూపు అదే పోయింది. బయట వేపచెట్టు నీడలో బండి ఆగి ఉంది, కిటికీకి నాలుగు అడుగుల దూరంలో. బండిలో కొంగు నెత్తి మీదికి లాక్కొని ఒకామె కూర్చుంది. ఆమె కూడా కిటికీ వైపే చూస్తోంది. రెండు జతల కళ్ళు కలిశాయి. అలవాటు చొప్పున జానమ్మ చూపు పక్కకు తిప్పేసింది. ఎప్పుడూ తిప్పుకునే చూపే, ఈసారి మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చెవులు గీయించుకున్నది ఆమే.

మొదటి రోజు భద్రమ్మ చెప్పిన ముచ్చట ఇప్పుడు మాట మాటా గుర్తొచ్చింది. "నా లగ్గంల మా నాయిన అరణం కింద నాలుగు గొర్లిచ్చిండు జానమ్మా. వాటి పిల్లలకు నేనే దగ్గరుండి గాట్లు పెట్టిపిస్త, మా తల్లిగారి గాట్లే. గవి మా ఆయన మందల మేస్తయి గాని నా సొంతం. వాటి చెవులు నిద్రల లేపి అడిగినా చెప్త." ఆడపిల్లకు పుట్టింటివాళ్ళిచ్చే గొర్రెలు ఎక్కడికి పోయినా పుట్టింటి చెవులతోనే ఉంటాయి. ముచ్చట బాగుందని వింది జానమ్మ. దాని వెనక ఒక ఇంటి పేరంతా ఉందని తట్టలేదు.

మల్లప్ప బండిలో ఉన్నవాళ్ళు ఐదుగురని తనే లెక్కపెట్టాడు. అందులో గుర్వయ్య ఇంటివాళ్ళు ముగ్గురినీ అనుమానించాడు. తన పక్కన కూర్చున్న మనిషి ఆయన అనుమానంలోకే రాలేదు. ఇరవై రెండేళ్ళ కాపురం మరి. నాకు ఆయన మీద కోపం రాదు, జాలి వేస్తుంది.

"ఇగ చెప్పు" అన్నాడు మల్లప్ప. "పొల్లకా? తల్లికా? గుర్వయ్యకా?"

"నేను చెప్పను పెద్దయ్యా."

"పేరు చెప్పకు. పొల్లది కాదు అను, సాలు. దండం పెట్టి పోత. తల ఊపినా సాలు."

ఎంత చిన్న కోరిక! నిజానికి అది పొల్లది కాదు. ఒక్కసారి తల అడ్డంగా ఊపితే పదకొండు రోజుల్లో ఆ ఇంట్లో పందిరి పడుతుంది. జానమ్మ మెడ ఊపబోయింది కూడా. అంతలోనే ఆగింది.

"పొల్లది కాదన్ననే అనుకో. ఇంటికి పోయినంక నీకు నిద్ర వడతదా? రేపొచ్చి, తల్లిదా అంటవు. గది గూడ కాదంటె గుర్వయ్యదా అంటవు. ఒక్కొక్కల్లను కాదనుకుంట పోతే ఆఖరుకు మిగిలినోళ్ళ పేరు నేను నోరు తెరిచి చెప్పినట్టే గాదు? అందుకే అవునని చెప్ప, కాదని చెప్ప. నీ గురించి ఎవలన్న అడిగినా గట్లనే అంట."

"నా గురించెందుకు అడుగుతరు?" మల్లప్పకు రోషం వచ్చింది. "నేను నీ చుట్టాన్నని అడుగుతలేను. నా కొడుకు బతుకని అడుగుతున్న. మా చిన్నాయనకు గీ రోగమే. ఊరవతల చెల్క కాడ గుడిసె ఏసి పెట్టిండ్రు. బువ్వ తీస్కపోయి బండ మీద పెట్టి, దూరం జరిగి పిలిచేటోళ్ళం. ఒకదినం పిలిస్తె రాలే. మూడు దినాల బువ్వ బండ మీదనే ఉన్నది. గది చూసిన కండ్లు ఇవి. నా ఇంట్ల గది మల్ల చూడలేను తల్లీ."

ఆయన గొంగడి కొసతో మొహం తుడుచుకున్నాడు. ఇంతవరకూ జానమ్మకు ఆయన శత్రువులా కనిపించాడు. ఇద్దరూ ఒకే నొప్పి మోస్తున్నవాళ్ళని ఇప్పుడు తెలిసింది.

"మా అవ్వ గట్లనే పోయింది పెద్దయ్యా" అంది మెల్లగా. "కాని అప్పుడు మందు లేకుండె. ఇప్పుడున్నది. గీ గోలీలు విడవకుండ తింటె రోగం ముదరదు, పక్కోళ్ళకు అంటుకుంటది. ఛీ, నా నోరు పడ! అంటదు. అంటనే అంటదు. డాక్టరమ్మ పదిమార్లు చెప్పింది. మందు తినేటోళ్ళతోని భయం లేదు. పేరు బయట పడతదని దాసుకొని మందు తినకుండ కూసుంటరు సూడు, గండం వాళ్ళకు. నువ్వు గిట్ల అంగట్ల చూపిస్తె, రేపు ఇంకొకరు మందుకు రారు."

"గవన్ని నాకెందుకు?" మల్లప్ప లేచాడు. "నువ్వు చెప్పకపోతివి. ఇగ ఇటుకెళ్ళి ఇటే గుర్వయ్య ఊరికి బండి మల్లిస్త. నలుగురు పెద్దమనుషులను కూసోబెట్టి, గీ పొట్లం నడుమల పెట్టి అడుగుత. లగ్గం వద్దంట. మల్ల ఎవలు చేసుకుంటరో వాని బిడ్డను, చూస్త!"

అదీ సంగతి. లగ్గం ఒక్కటే పోదు. పదిహేడేళ్ళ బీరమ్మ పేరు ఆ పొట్లంతో పాటు నలుగురి నడుమ పడుతుంది. ఒంటి మీద మచ్చ లేని పిల్ల జీవితమంతా మచ్చ మోస్తుంది. నోరు విప్పితే భద్రమ్మ పోతుంది, విప్పకపోతే బీరమ్మ పోతుంది. దేవుడా, నాకే ఎందుకు పెట్టినవు గీ పరీక్ష అని జానమ్మ లోపలే ఏడ్చింది.

గబగబా నడిచి దారికి అడ్డంగా నిలబడింది. "తప్పు నాది పెద్దయ్యా. గుర్తు గీసింది నేను. నన్ను తిట్టు, డాక్టరమ్మకు చెప్పి నౌకరి తీపియ్యి. గా పొట్లం మాత్రం నాకిచ్చి పో. గది దవాఖానది, నీది కాదు."

"జరుగమ్మా."

"ఇయ్యి, నీ కాల్మొక్త."

"జరుగు!"

గడప మీద నీడ పడింది. భద్రమ్మ బండి దిగి వచ్చింది.

"నువ్వెందుకు దిగినవు? పో, బండ్ల కూసో" అన్నాడు మల్లప్ప. పొట్లం ఉన్న చెయ్యి గొంగడి కిందికి పోయింది. భార్యను బాధపెట్టకూడదని దాచుకున్నాడు, పిచ్చి మనిషి.

భద్రమ్మ కూర్చోలేదు. జానమ్మ మొహం చూసింది. వద్దక్కా, నువ్వు చెప్పొద్దు అని జానమ్మకు అరవాలనిపించింది. కానీ వద్దన్నా చెప్పినట్టే గదా! పెదవి పంటి కింద నొక్కిపెట్టి నేల వైపు చూస్తూ నిలబడింది. చెప్పడమా, మానడమా అన్నది భద్రమ్మ సొంతం. అందులో వేలు పెట్టే హక్కు ఇంకెవరికీ లేదు.

"ఐలేశం నాయినా" అంది భద్రమ్మ. భర్త పేరు ఆమె ఎన్నడూ పలకలేదు. "మన మందల నా అరణం గొర్లు ఎన్నున్నయి?"

"గిప్పుడు గా లెక్క ఎందుకే?"

"చెప్పరాదు."

"పద్దెనిమిదో, ఇరవయ్యో."

"వాటి చెవులకు ఏం గాట్లున్నయి?"

మల్లప్ప విసుక్కుంటూనే నోరు తెరిచాడు. "కుడి చెవికి రెండు..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. గొంగడి కింద పొట్లం కాగితం చప్పుడు జానమ్మకు వినిపించింది.

భద్రమ్మ చెయ్యి చాపింది. పొద్దున ఆయనకు అంబలి పోసిన చెయ్యే.

"బీరమ్మ పేరు ఎత్తకు. పొల్లకు ఏ పాపం తెల్వదు. నా పొట్లం నాకియ్యి. బట్టల దుకాణంల ఎవలన్న చూస్తరని గడ్డిల దాసిన, మల్లొచ్చి చూస్తె లేదు. ఆదివారంకెళ్ళి మందు తినలే నేను."

మల్లప్ప చెయ్యి బయటికి వచ్చింది గానీ పిడికిలి తెరుచుకోలేదు. భార్య మొహం చూశాడు, ఆమె చాపిన చెయ్యి చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్ళీ ఆ అడుగు ముందుకు వేయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. చివరికి ఆయన నోట వచ్చిన మాట తిట్టు కాదు, ఏడుపూ కాదు.

"గీ సంగతి ఎవలెవలకు ఎరుక?" అన్నాడు గుసగుసగా.

"డాక్టరమ్మకెరుక. జానమ్మకెరుక. ఏడాది దాటింది, వాళ్ళ నోట ఒక్కనాడు బయటికి రాలే" అంది భద్రమ్మ. "ఇగ నువ్వు ఎందరికి చూపిచ్చినవో, గది నీకే ఎరుక."

మల్లప్ప బల్ల మీద కూలబడ్డాడు. ఈసారి అంచున కాదు. మందుల దుకాణపాయన ఒకడు. గొర్ల అంగట్లో ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకడు గుర్వయ్య ఊరివాడు, ఆదివారం సాయంత్రమే మంద తోలుకొని ఇల్లు చేరాడు.

"ఎడ్లను గట్టు, గుర్వయ్య ఊరికి పోవాలె" అన్నాడు మల్లప్ప, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండానే. ఇవాళ బుధవారం. ఆ మాట గుర్వయ్య ఊరు చేరి అప్పుడే మూడు రోజులైంది.